పరీక్షించినవారు

సోమవారం ఉదయానికి అరవై ఒక్క డ్రైవర్లలో యాభై ఎనిమిది పూర్తయ్యాయి. మిగిలినవి మూడు. ఏడు నెలలుగా ఆమె చేస్తున్న పని ఇదొక్కటే. ఈ ఏడు నెలల్లో ఆ పనేమిటని ఆఫీసులో అడిగినవాళ్లు లేరు, ఇంట్లో చెబితే చివరిదాకా విన్నవాళ్లూ లేరు.

విడమరిచి చెబితే అర్థం కానిదేమీ కాదు. కంప్యూటర్‌కి కేబుల్ గుచ్చే కార్డు ఒకటుంటుంది. లోపల కెర్నెల్ అని, యంత్రం మొత్తాన్నీ నడిపే మూల ప్రోగ్రాము ఉంటుంది. వీటిలో ఒకదాని మాట ఒకదానికి తెలియదు కనుక మధ్యలో డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాము కూర్చుని ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేస్తుంది. ఈ ఆఫీసు తయారుచేసే యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో నెట్‌వర్క్ డ్రైవర్లన్నీ పాతికేళ్లుగా కెర్నెల్ పట్టికల్లో నేరుగా చెయ్యి పెట్టడానికి అలవాటు పడ్డాయి. ఇంటిల్లిపాదీ వంటింట్లోకి జొరబడి ఎవరికి కావలసిన డబ్బా వాళ్లు తెరుచుకున్నట్టు. లోపల ఒక్క డబ్బాను పై అర నుంచి కింది అరకు మార్చినా అందరూ తడబడతారు. అందుకని, ఇకమీదట ఎవరూ లోపలికి రావద్దు, గుమ్మం దగ్గర నిలబడి అడగండి, లోపలివాళ్లు తీసిస్తారు అని కొత్త పద్ధతి పెట్టారు. పద్ధతి మంచిదే. పెట్టినవాళ్లకు మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు. ఆ చప్పట్లయిపోయాక, అరవై ఒక్క డ్రైవర్లలో ఎక్కడెక్కడ చెయ్యి పెట్టారో వెతికి, ఆ చెయ్యి తీసేసి, దాని చోట అడిగే మాట రాసే పని ఆమె నెత్తిన పడింది.

"పెద్ద పనేం కాదండీ. యాంత్రికంగా చేసుకుపోవడమే" అన్నాడు టీమ్ లీడు, పని అప్పగించిన రోజున. ఆయన్ని అందరూ చాటుగా క్లుప్తం సారు అంటారు. ఎవరు నోరు విప్పినా "క్లుప్తంగా చెప్పండి" అంటాడు. తను మొదలుపెడితే మాత్రం బల్ల మీది టీ చల్లారి మీగడ కట్టాల్సిందే.

ఆ యాంత్రికమైన పనికి ఆమె మెడ నరం పట్టేసింది. కళ్లద్దాల పవరు పెరిగింది. తెర మీద ఒక పక్క పాత డ్రైవరు, ఒక పక్క కొత్తది పెట్టుకుని, వరుసకో వరుస వేలు ఆనించి చదువుతుంది. తెర మీద వేలిముద్రలు పడుతున్నాయని పక్క సీటమ్మాయి రోజూ గుడ్డ తెచ్చి తుడుస్తుంది. "వేలు పెట్టకుండా చదవలేవా అక్కా" అంటే, "కన్ను జారిపోతుందే, వేలు జారదు" అంటుంది ఆమె.

చేసిన ప్రతి మార్పూ చిట్టాలో నమోదవుతుంది. ఆ చిట్టాను ప్రపంచంలో ఎవరైనా చదువుకోవచ్చు. చదవచ్చు కానీ ఎవరూ చెరపలేరు, పై అధికారి తలకిందులుగా తపస్సు చేసినా చెరపలేడు. తప్పు రాస్తే కింద ఇంకో నమోదు రాసి ఒప్పుకోవాలి, అంతే. ప్రతి నమోదు కిందా మూడు వరుసలుంటాయి: రాసినవారు, ఆమోదించినవారు, పరీక్షించినవారు. యాభై ఎనిమిది నమోదుల్లోనూ రాసినవారి చోట 'డ్రైవర్ల బృందం' అని ఉంది. ఆ బృందమంతా కలిపి ఆమె ఒక్కతే. ఆమోదించినవారి చోట టీమ్ లీడు పేరుంది. తనకి ఇదేమీ పట్టదని అందరితోనూ అనేది. పట్టేది. ఒక్కో నమోదు పంపిన ప్రతిసారీ, కాలి చెప్పులో చిన్న రాయి ఉన్నట్టు పట్టేది.

మూడో వరుసకు మాత్రం గట్టి నియమం ఉంది. అసలు కార్డు మీద ఎవరో ఒకరు నడిపి చూస్తేనే డ్రైవరు కొత్త వెర్షన్‌లోకి వెళ్తుంది. శుక్రవారం మధ్యాహ్నం లోపు పరీక్షించినవారు లేని డ్రైవర్లను తీసేస్తారు. మిగిలిన మూడింటిలో రెంటికి కార్డులు ఆఫీసు బీరువాలో దొరికాయి. మూడోది తయారు కావడం మానేసి పదిహేనేళ్లయింది. బీరువాలో లేదు, పాత సామాన్ల బజారులో లేదు. 'మా దగ్గర ఈ కార్డు లేదు, ఎవరి దగ్గరైనా ఉందా' అని ఆమె వాడకందారులందరికీ వెళ్లే ఉత్తరాల జాబితాలో రాసి, ఆశ వదులుకుని, భోజనం డబ్బా తెరిచింది. మూత పెట్టేలోపు జవాబు వచ్చింది, జాబితాకు కాదు, ఆమె ఒక్కదానికే.

'మేడమ్, ఆ కార్డు మా దగ్గర ఉంది. మా ఊరి నీళ్ల పంపు హౌసులో కంట్రోల్ రూము కంప్యూటర్‌లో ఉంది. ఉదయం పంపింగు పదకొండుకి ఆగుతుంది. మళ్లీ మూడుకి మొదలు. ఆ మధ్యలో నేనూ ఖాళీ, కంప్యూటరూ ఖాళీ. నేను పంపు ఆపరేటర్ని. కంప్యూటర్లు చదువుకోలేదు. పెట్టిన కంపెనీ మూతబడ్డాక గత్యంతరం లేక నేర్చుకున్నాను. ఎలా చెయ్యాలో చిన్నపిల్లాడికి చెప్పినట్టు రాయండి, చేస్తాను.'

ఆమె అలాగే రాసింది. లోపలి డిస్కును ముట్టుకోనక్కర్లేదు, పెన్‌డ్రైవ్ నుంచే యంత్రాన్ని లేపి, చూసి, పెన్‌డ్రైవ్ తీసేసి మళ్లీ పాత పద్ధతిలో లేపొచ్చు అని రాసింది. ఏ మీట ఎప్పుడు నొక్కాలో, ఏ మాట కనిపిస్తే ఆగాలో వరసగా పద్దెనిమిది మెట్లు రాసింది. చివర, 'భయపడకండి, ఏమీ పాడవదు' అని కలిపింది.

మంగళవారం పన్నెండున్నరకు ఫొటోలు వచ్చాయి. తెరను వంకరగా తీసినవి, ఒకదాని మీద బొటనవేలి నీడ. కింద ఇలా ఉంది: 'కార్డును గుర్తుపట్టింది. పింగ్ పోతోంది, తిరిగి వస్తోంది. ఫైళ్లు కూడా పోతున్నాయి. ట్యాంకుల నీటిమట్టం మాత్రం తెర మీదకు రావట్లేదు. మూడు ట్యాంకులవీ సున్నా చూపిస్తోంది. పాతదాంతో లేపితే వెంటనే వస్తోంది. నా పొరపాటేమో అని మూడుసార్లు మార్చి మార్చి చూశాను.'

ఆమె ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. ఆఫీసులో ఏ డ్రైవర్ని పరీక్షించినా పింగ్ అనే పలకరింపు కొట్టి, ఒక ఫైలు పంపి, సరేనని లేచిపోయేవాళ్లు. ఈయన తన ట్యాంకులు చూసుకున్నాడు.

ట్యాంకుల దగ్గరి పరికరాలు ఒక్కో కంప్యూటర్‌నీ పేరు పెట్టి పిలవవు. గుంపు మొత్తానికి వినపడేలా మట్టం ఇంత అని ప్రకటిస్తాయి. ఏ గుంపుల మాట వినాలో కార్డుకు ముందే చెప్పి ఉంచాలి. పాత పద్ధతిలో ఆ గుంపుల జాబితాను డ్రైవరు తనే చదివి లెక్కపెట్టుకునేది. కొత్త పద్ధతిలో కెర్నెల్ ఒక్కో గుంపు పేరూ చదువుతుంటే, విన్నానన్నట్టు డ్రైవరు ప్రతిసారీ ఒకటి అని జవాబివ్వాలి. ఆమె రాసిన చోట సున్నా అని జవాబిస్తోంది. అన్ని సున్నాలూ కలిపినా సున్నాయే కనుక, వినవలసిన గుంపులేవీ లేవని కార్డు చెవులు మూసుకుంది.

ఒక్క అంకె. ఆమె దాన్ని దిద్ది, కుర్చీలో వెనక్కి వాలబోయి ఆగిపోయింది. ఆ ముక్కను ఆమె ఎక్కడి నుంచి ఎత్తి రాసింది? పూర్తయిన డ్రైవర్లు మళ్లీ తెరిచింది. సాయంత్రం ఆరయ్యేసరికి అదే సున్నా ఇంకో నాలుగింట్లో దొరికింది. నాలుగూ ఆఫీసులో పరీక్షించినవే, నాలుగూ ఆమోదించినవే. ఆ వెర్షను అలాగే బయటికి వెళ్లి ఉంటే ఎన్నిచోట్ల ఎన్ని తెరల మీద సున్నాలు కనబడేవో. ఆమెకు సిగ్గేసింది. వేలు జారదని పక్కమ్మాయితో గొప్పగా చెప్పిన మాట గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

బుధవారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. 'వచ్చేసింది మేడమ్. మూడు ట్యాంకులూ వస్తున్నాయి. రెండు గంటలు కదలకుండా కూర్చుని చూశాను. ఒక్క రీడింగు కూడా తప్పలేదు. రెండో ట్యాంకు పరికరం మామూలుగానే పది సెంటీమీటర్లు ఎక్కువ చెబుతుంది, అది మీ తప్పు కాదు.'

ఆమెకు నవ్వొచ్చింది. చిట్టాకు నమోదు రాసి, పరీక్షించినవారి వరుసలో ఆ పంపు ఆపరేటర్ పేరు, ఇంటిపేరుతో సహా, ఆయన ఉత్తరం కింద ఎలా రాసుకున్నాడో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాసింది. టీమ్ లీడు ఆమోదానికి పంపింది. ఇంటికి బయల్దేరే వేళకు అది ఆమోదమై తిరిగి వచ్చింది, ఇక చిట్టాలోకి ఆమె పంపడమే మిగిలింది. పరీక్షించినవారి వరుసలో ఆపరేటర్ పేరు లేదు. టీమ్ లీడు పేరుంది.

*

గురువారం పొద్దున్నే ఆమె ఆయన గదిలోకి వెళ్లి, కూర్చోమనకుండానే కూర్చుంది. ఆమె ఎప్పుడూ అలా చెయ్యదు. టీమ్ లీడు తెర మీంచి చూపు తిప్పాడు. ఆయన ఆమెకన్నా నాలుగేళ్లు చిన్నవాడు. కళ్ల కింద నలుపు, బల్ల మీద అసిడిటీ మాత్రల పట్టీ. ఆయన పైనా ఎవరో ఉన్నారు, వాళ్లూ క్లుప్తంగా చెప్పమనేవాళ్లే.

"సార్, పరీక్షించినవారు అన్నచోట మీ పేరుంది."

"ఆఫీసు తరఫున నా పేరే ఉంటుంది కదండీ. ఏమైంది, క్లుప్తంగా చెప్పండి."

"ఆ కార్డు మీరు కంటితో కూడా చూడలేదు."

ఆయన కొంచెంసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. "చూడండి, బయటవాళ్ల పేర్లు చిట్టాలో ఎందుకు? ఎవరో ఎక్కడో పంపు తిప్పుకునే మనిషి. రేపు ఏదన్నా తేడా వస్తే ఎవరీయన, ఈయన్ని ఎందుకు నమ్మారు అని పైవాళ్లు నన్నడుగుతారు. అనవసరమైన తలనొప్పి."

"ఆ మనిషి లేకపోతే అయిదు డ్రైవర్లు చెవిటివై బయటికెళ్లేవి సార్. అందులో నాలుగు మనం పరీక్షించామని రాసుకున్నవే."

"అవి దిద్దేశారుగా."

"దిద్దింది నేను. పట్టుకుంది ఆయన."

టీమ్ లీడు నిట్టూర్చాడు. "ఒక్క పేరు కోసం ఇంత పట్టుదల ఏంటండీ మీకు?"

ఆమె నిదానంగా మొదలుపెట్టింది. "యాభై ఎనిమిదింట్లో నా పేరు లేదు. ఎప్పుడన్నా అడిగానా?"

"అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నా. నాది కాదు, ఆయనది."

ఆయన మళ్లీ తెర వైపు తిరిగాడు. ఆమే మళ్లీ అంది, "మీ పేరుతో ఈ నమోదు నేను పంపను. రేపు మధ్యాహ్నం దాటితే దాటనివ్వండి. డ్రైవర్ని తీసేస్తే ఎందుకు తీసేశామో వాడకందారుల జాబితాలో నేనే రాస్తా."

అది బెదిరింపేనని ఇద్దరికీ తెలుసు. ఆమె లేచి వచ్చేసింది. మధ్యాహ్నం వరకూ ఒక్క వరుస కూడా రాయలేకపోయింది. పక్క సీటమ్మాయి టీ కప్పు తెచ్చి పెట్టి, "లోపల ఏమన్నావక్కా? సారు అరగంట నుంచి ఒక్కళ్లకీ ఫోన్ చెయ్యలేదు" అంది.

సాయంత్రం ఇంట్లో ఆమె ఇదంతా భర్తతో చెప్పింది. ఆయన లిఫ్టు మెకానిక్. బాల్కనీలో పీట మీద కూర్చుని, కిరసనాయిలు గుడ్డతో వేళ్ల సందుల్లో గ్రీజు తుడుచుకుంటున్నాడు. ఈసారి మాత్రం చివరిదాకా విన్నాడు.

"నేను బాగుచేసిన ప్రతి లిఫ్టు గదిలోనూ ఓ కార్డు వేలాడుతుంది. దాని మీద నా సంతకం పెట్టాలి" అన్నాడు.

"చూశావా. మీ దగ్గర కూడా ఉంది."

"ఎందుకు పెట్టమంటారో తెలుసా? నేను బాగా చేశానని చెప్పడానికి కాదు. లిఫ్టు పడితే ఎవర్ని పట్టుకోవాలో తెలియడానికి."

"నీకన్నీ అడ్డంగానే కనిపిస్తాయి."

"లిఫ్టు నిలువుగానే కదా పోయేది" అని ఆయన గుడ్డ దులిపాడు. ఆమె నవ్వి లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట మీద ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

శుక్రవారం పదకొండున్నరకు టీమ్ లీడు ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మీ ఇష్టం. పెట్టుకోండి" అన్నాడు, అంతే. ఆ రోజు నిజంగానే క్లుప్తంగా మాట్లాడాడు. ఆమె ఆపరేటర్ పేరు తిరిగి రాసి, అక్షరాలు మరోసారి సరిచూసుకుని పంపింది. అరవై ఒక్క డ్రైవర్లూ పూర్తయ్యాయి. ఏడు నెలల తర్వాత ఆ పూట ఆమెకు మెడ నొప్పి తెలియలేదు. తన పేరు పడి ఉంటే కూడా ఇంత సంతోషం ఉండేది కాదేమో అనిపించింది.

"మొహం వెలిగిపోతోంది, ఇంక్రిమెంట్ వచ్చిందా అక్కా?" అంది పక్క సీటమ్మాయి.

"ఇన్నాళ్లకి ఈ ఆఫీసులో నా మాట ఒకటి నెగ్గింది" అంది ఆమె.

*

తర్వాతి బుధవారం, ఆమె మిగతా చిల్లర పనులు చూసుకుంటూ ఉండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు. అవతలి గొంతు వెనకాల ఏదో మోటారు గుయ్యిమంటోంది.

"అమ్మా, నేను. పంపు ఆపరేటర్ని. మీ ఆఫీసు నంబరుకి చేస్తే ఇటు కలిపారు."

ఉత్తరాల్లో ఆయన చురుగ్గా ఉంటాడు. గొంతు మాత్రం నెమ్మదిగా, వయసు మీద పడ్డట్టుగా ఉంది. ఆమె సంతోషంగా, "చెప్పండి, ఎలా ఉన్నారు" అంది.

"బాగానే ఉన్నానమ్మా. చిన్న ఇబ్బందొచ్చింది." ఆయన తలుపేదో మూసినట్టున్నాడు, మోటారు చప్పుడు తగ్గింది. "శుక్రవారం చిట్టాలో నా పేరు చూశాను. మా అమ్మాయి కూడా చూసింది. ఆ కాగితం ప్రింటు తీయించి, ఇక్కడ నా బల్ల అద్దం కింద పెట్టుకున్నా. నిన్న మా డివిజన్ ఇంజినీరు తనిఖీకి వచ్చి అదే బల్ల మీద రిజిస్టరు రాశాడు. రాస్తూ రాస్తూ చదివాడు."

"చదివి?"

"ఇదేంటి అన్నాడు. గొప్పగానే చెప్పబోయానమ్మా. ఆయన మొహం చూసి ఆగిపోయా. తెలిసినవాళ్లెవరో పంపించారండీ అని నీళ్లు నమిలాను. ఊరంతటికీ నీళ్లిచ్చే కంప్యూటర్ మీద ఎవర్నడిగి బయటి ప్రోగ్రాము నడిపావు అన్నాడు. నడిపినట్టు తేలితే సస్పెన్షనేనట. ఈ పొద్దున మెమో చేతికిచ్చారు. మీ ఆఫీసుకి కూడా ఉత్తరం రాస్తామన్నారు."

"పెన్‌డ్రైవ్ నుంచే కదా నడిపింది. డిస్కు ముట్టుకోలేదని మేం రాసిస్తే..."

"అదే అడుగుదామని చేశానమ్మా. ఏమీ పాడు కాలేదని మీరు ఒక ముక్క రాస్తే." ఆయన ఆగాడు. "నాకింకా పదకొండు నెలలే ఉంది ఉద్యోగం."

రాస్తాను, ఏం భయం లేదు అని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది. భయపడకండి, ఏమీ పాడవదు అని ఆయనకు ఆమె లోగడ రాసింది కూడా. అప్పుడు యంత్రం సంగతి ఆలోచించింది కానీ, యంత్రం ముందు కూర్చున్న మనిషి ఎవరికి జవాబు చెప్పుకోవాలో ఆలోచించలేదు. పేరు కోసం రెండు రోజులు ఆఫీసులో పోట్లాడింది. మీ పేరు పెట్టనా అని ఆయన్ని ఒక్క మాట అడగలేదు. ఎవరు మాత్రం వద్దంటారు అనుకుంది. ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

టీమ్ లీడు గదిలో ఇంజినీరు ఉత్తరం అప్పటికే తెర మీద ఉంది. మీ చిట్టాలో మా ఉద్యోగి పేరున్నది, ఆయన మా పంపు హౌసులో మీ ప్రోగ్రామును నడిపిన మాట వాస్తవమా కాదా, వాస్తవమైతే తేదీ, సమయం తెలుపగలరు. మర్యాదగా, సూటిగా ఉంది. టీమ్ లీడు నేను ముందే చెప్పానని అంటాడేమో అని ఆమె ఎదురుచూసింది. ఆయన అనలేదు. కుర్చీ చూపించాడు.

"ఏమీ పాడవలేదని రాద్దాం సార్" అంది ఆమె.

"రాస్తే నడిపాడని ఒప్పుకున్నట్టే కదండీ. ఆయన అడిగింది పాడైందా అని కాదు, నడిపాడా అని." ఆయన మొహం రుద్దుకున్నాడు. "తలనొప్పి మనకొస్తుందనుకున్నా నేను. ఆయనకొస్తుందని నాకూ తట్టలేదు."

ఆమె ఆ ఉత్తరాన్ని మరోసారి చదివి నోరు తెరిచింది. ఈ మాట తన నోటి వెంట వస్తుందని వారం కిందట ఎవరైనా అని ఉంటే కొట్టేది.

"పేరు పొరపాటున పడిందని రాద్దాం. పరీక్షించింది మీరేనని, మీ పేరు పెడుతూ దిద్దుబాటు నమోదు చేద్దాం. ఆయనా బయటపడతాడు, డ్రైవరూ ఉంటుంది."

టీమ్ లీడు తల అడ్డంగా ఊపాడు. "పోయిన వారమైతే ఎవరూ చూసేవాళ్లు కాదు. ఇప్పుడు తేదీ, సమయం అడుగుతున్నారు. ఎక్కడ నడిపారు, కార్డేది అని తర్వాతి ఉత్తరం వస్తుంది. నేనేం చూపించను? మన బీరువాలో కార్డు లేదని జాబితాలో అందరికీ రాసింది మీరే."

ఆమె రాసింది. అది కూడా చెరిగేది కాదు.

"సార్, ఒక్క పేరు..." అని మొదలుపెట్టి, ఆ మాట ఆయన తనతో అన్న మాటేనని తోచి ఆపేసింది.

"పొరపాటున పడిందని రాస్తే ఆయన బయటపడతాడు. అంతవరకు చెయ్యగలం" అన్నాడు ఆయన. "కానీ పరీక్షించినవారు లేనట్టే అవుతుంది. నియమం మీకు తెలుసు."

తెలుసు. ఆమె బయటికొచ్చి, మెట్ల దగ్గర నిలబడి ఆపరేటర్‌కి ఫోన్ చేసింది. ఉన్నదున్నట్టు చెప్పింది. నిజం రాస్తే మీ ఉద్యోగానికి ముప్పు, పేరు పొరపాటని రాస్తే గండం గడుస్తుంది అంది.

"అలాగే రాయండమ్మా" అన్నాడాయన. "మరి ఆ డ్రైవరు?"

"తీసేస్తారు. ఎవరూ పరీక్షించనట్టే లెక్క. మీ యంత్రం ఇక పాత వెర్షన్ మీదే ఉండాలి."

"ఉంటుందిలెండి. ఇన్నాళ్లూ ఉండలేదా." ఆయన దగ్గాడు. "మా అమ్మాయికి ఏదోటి చెప్తాను. ముప్పై మూడేళ్ల సర్వీసులో కాగితం మీద నా పేరు పడిందంటే ఏదో మెమో అయ్యుంటుంది అనుకునేవాళ్లు మా ఇంట్లో. ఇదొక్కటే అలా కానిది."

"నేను మిమ్మల్ని అడగాల్సిందండీ. అడక్కుండా పెట్టేశాను."

"అడిగినా పెట్టమనే అనేవాణ్నమ్మా" అన్నాడాయన. "అదే కదా వచ్చిన చిక్కు."

మూడు కావొస్తోంది, పంపింగు వేళయిందని ఆయనే ఫోన్ పెట్టేశాడు. ఆమె మెట్ల మీద కాసేపు కూర్చుంది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

సీట్లోకి వచ్చి ఆ డ్రైవరు ఫైలు తెరిచింది. రెండు వేల మూడు వందల చిల్లర వరుసలు. పై నుంచి కింది దాకా ఒక్కసారి వేలు ఆనిస్తూ చదివింది. అడిగే మాటలన్నీ సరిగ్గా ఉన్నాయి. గుంపుల దగ్గర సున్నా చోట ఒకటి ఉంది. ఎక్కడా తప్పు లేదు. అప్పుడు మొత్తం తీసేసింది. తెర నిండా వరుసలన్నీ ఎర్రబడ్డాయి. పక్క సీటమ్మాయి తొంగిచూసి ఏదో అడగబోయి, ఆమె మొహం చూసి తన పనిలోకి తిరిగిపోయింది.

నమోదు రాయడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. 'ఈ డ్రైవరును కొత్త వెర్షన్ నుంచి తొలగించడమైనది. కిందటి నమోదులో పరీక్షించినవారి పేరు పొరపాటున పడినది. అసలు కార్డు మీద దీనిని పరీక్షించినవారు ఎవరూ లేరు.' రాసినవారి వరుసలో ఎప్పట్లాగే డ్రైవర్ల బృందం అని పెట్టి, ఆమోదానికి పంపింది.

పది నిమిషాల్లో టీమ్ లీడు తనే లేచి వచ్చాడు. ఆమె కళ్లలోకి చూడలేదు.

"బృందం అంటే పైవాళ్లు ఒప్పుకోరట. పొరపాటు జరిగిందని రాస్తున్నాం కదా, ఎవరి పొరపాటో మనిషి పేరు ఉండాలంటున్నారు" అన్నాడు. "నాది వెయ్యమంటే వేస్తాను. నిజంగానే అంటున్నా."

"వద్దులెండి" అంది ఆమె.

బృందం అన్న మాట కొట్టేసి, ఆ చోట తన పేరు రాసింది. ఇంటిపేరుతో సహా రాసింది. ఏడు నెలల చిట్టాలో ఆ పేరు కనిపించడం అదే మొదలు. అక్షరాలు సరిచూసుకుని పంపింది. పంపగానే, ప్రతి నమోదుకూ జరిగినట్టే, జాబితాలో ఉన్న అందరికీ దాని నకలు వెళ్లింది. పంపు ఆపరేటర్‌కి కూడా వెళ్లింది.